లాగాన్ స్క్రిప్ట్‌ను లేపింది ఎవరు?

మెయిన్‌ఫ్రేమ్ మీద పనిచేసేవాళ్లకి రోజూ ఎదురయ్యేదీ, పాఠాల్లో మాత్రం ఎక్కడా కనిపించనిదీ ఒక ప్రశ్న ఉంది. మనం లాగాన్ కాగానే ఒక చిన్న స్క్రిప్ట్ తనంతట తానే నడుస్తుంది. జెడ్ఓఎస్‌లో మనుషులు లాగాన్ అయ్యే టీఎస్ఓలో అది లాగాన్ ఎగ్జెక్, జెడ్‌వీఎంలో ప్రొఫైల్ ఎగ్జెక్, యూనిక్స్ వైపు ప్రొఫైల్ ఫైలు. లైబ్రరీలు తగిలించడం, ఫంక్షన్ కీలు అమర్చడం, మెనూ తెరవడం దాని పని. అయితే దాన్ని లేపేది ఎప్పుడూ స్క్రీన్ ముందు కూర్చున్న మనిషే కాదు. బ్యాచ్ జాబ్ లేపుతుంది, ఆపరేటర్ ఇచ్చిన స్టార్ట్ కమాండ్ లేపుతుంది, ఇంకో స్క్రిప్ట్ లేపుతుంది, ఈమధ్య ల్యాప్‌టాప్‌లోని ఎడిటర్ కూడా లేపుతోంది. ఈసారి తనని పిలిచింది ఎవరో ఆ స్క్రిప్ట్ ఎలా కనిపెట్టాలి? ఈ ప్రశ్నకి యాభై ఏళ్లలో వచ్చిన జవాబులన్నీ ఒకచోట పెట్టి, దేన్ని ఎంతవరకు నమ్మవచ్చో చూడటమే ఈ వ్యాసం పని.

హైదరాబాదులో ఈ చర్చకి చోటు ఉండాల్సిన కారణం ఉంది. 1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్లినప్పుడు ఆ యంత్రాల మరమ్మతు బాధ్యత ప్రభుత్వ సంస్థ సీఎంసీ మీద పడింది. ఆ సంస్థ పరిశోధన విభాగం పెరిగింది ఈ ఊళ్లోనే. ఆ తర్వాత 2000 సంవత్సరపు తేదీల సమస్య వచ్చి, కోబాల్, జేసీఎల్ నేర్చుకున్న తెలుగు పిల్లల్ని వేల సంఖ్యలో అమెరికా తీసుకెళ్లింది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ బోర్డులు వెలిశాయి. సంతోష్‌నగర్, ఐఎస్ సదన్, చంపాపేట నుంచి కోఠిలో బస్సు మారి అక్కడికి వెళ్లి నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు ఇంట్లోంచే అమెరికా బ్యాంకుల, ఇన్సూరెన్స్ కంపెనీల యంత్రాలు చూసుకుంటున్నారు. న్యూయార్క్‌లో చలికాలం రాత్రి 11 అయితే సంతోష్‌నగర్‌లో మర్నాడు ఉదయం 9:30. వాళ్ల బ్యాచ్ విండో మన టిఫిన్ వేళలో నడుస్తుందన్నమాట. అక్కడ మనుషులు నిద్రలో ఉన్నప్పుడు, మనుషుల కోసం రాసిన స్క్రిప్ట్ బ్యాచ్‌లో లేచి తడబడితే, ఆ టికెట్ వచ్చి పడేది ఇక్కడే.

తడబాటు ఎలా ఉంటుందో ఒక్కటి దగ్గరగా చూద్దాం. లాగాన్ ఎగ్జెక్‌లో ఎవరో "టెస్టా, ప్రొడక్షనా?" అని అడిగి పుల్ అనే ఆజ్ఞతో జవాబు తీసుకునేలా రాశారు. మనిషి లాగాన్ అయితే సమస్య లేదు, కీబోర్డు మీద కొడతాడు. అదే ఎగ్జెక్‌ని ఐకేజేఈఎఫ్‌టీ01 ప్రోగ్రాం ద్వారా బ్యాచ్‌లో నడిపితే కీబోర్డు ఉండదు. స్టాక్ ఖాళీగా ఉంటే పుల్ వెళ్లి సిస్‌ట్‌సిన్ అనే ఇన్‌పుట్‌లో తరవాతి వరుసను లాక్కుంటుంది. అక్కడున్నది జవాబు కాదు, ఆ జాబ్ తరవాత నడపాల్సిన కమాండ్. ఎగ్జెక్ దాన్నే జవాబనుకుని మింగేస్తుంది. ఆ కమాండ్ ఇక నడవదు. అబెండ్ రాదు, ఎర్రర్ మెసేజ్ కూడా రాకపోవచ్చు. జాబ్ సున్నా కోడ్‌తో పచ్చగా ముగుస్తుంది, ఒక ఫైలు మాత్రం తయారు కాదు. ఈ రకం తప్పు పట్టుకోవడానికి పూట పడుతుంది.

ఇప్పుడు జవాబుల సంగతి. వయసులో పెద్దది జెడ్‌వీఎం పుట్టిన వీఎం కుటుంబం, కాబట్టి అక్కడ మొదలుపెడదాం. వీఎం/370ని ఐబీఎం 1972 ఆగస్టులో ప్రకటించింది. అందులో ప్రతి యూజర్‌కీ ఒక ఊహాయంత్రం ఉంటుంది. ఆ యంత్రంలో సీఎమ్ఎస్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టం లేవగానే ప్రొఫైల్ ఎగ్జెక్ నడుస్తుంది. ఆ యూజర్ మనిషి కావచ్చు, నెట్‌వర్క్ సర్వర్ కావచ్చు, లైనక్స్ నడిపే అతిథి యంత్రం కావచ్చు. వ్యవస్థ మొత్తం లేచినప్పుడు ఆటోలాగ్1 అనే యంత్రం తనంతట తానే లేస్తుంది. దాని ప్రొఫైల్ ఎగ్జెక్ ఎక్స్‌ఆటోలాగ్ కమాండ్‌తో మిగతా యంత్రాలను ఒక్కొక్కటిగా లేపుతుంది. అలా లేచిన వాటికి టెర్మినల్ ఉండదు. డిస్‌కనెక్ట్ అయి ఉన్నట్టే పుడతాయి.

ఇక్కడ వాడుకలో స్థిరపడిన పద్ధతి చాలా శుభ్రమైనది. స్క్రిప్ట్ తన యూజర్ పేరు గురించి వీఎం కంట్రోల్ ప్రోగ్రాం సీపీకి క్వెరీ వేస్తుంది. జవాబులో పేరు పక్కన టెర్మినల్ చిరునామా ఉంటే మనిషి ఉన్నాడు. డీఎస్‌సీ అనే మూడు అక్షరాలు ఉంటే లేడు. జెడ్‌వీఎం మీద లైనక్స్ పెట్టుకునేవాళ్ల కోసం ఐబీఎం రెడ్‌బుక్‌లు ఇచ్చిన నమూనా ప్రొఫైల్ ఎగ్జెక్ సరిగ్గా ఇదే చేస్తుంది. డీఎస్‌సీ అని వస్తే అడగకుండా లైనక్స్‌ని లేపేస్తుంది. లేదంటే "లైనక్స్‌ని లేపమంటారా?" అని అడిగి, అవునంటేనే లేపుతుంది. పదిపదిహేను వరుసల్లో అయిపోయే ఆ స్క్రిప్ట్ ఈ విషయం మీద రాసిన వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చినది. అడగాల్సిన చోటే అడుగుతుంది, అడగకూడని చోట నోరు మెదపదు.

ఆ పరీక్ష లేకపోతే ఏమవుతుందో చూస్తే దాని విలువ అర్థమవుతుంది. టెర్మినల్ లేని యంత్రం ప్రశ్న వేసి జవాబు కోసం ఆగిందనుకోండి. సీపీ దాన్ని గమనిస్తుంది. వాడుకలో ఉన్న పరిమితి 15 నిమిషాలు. ఆలోపు ఎవరూ తిరిగి కనెక్ట్ కాకపోతే ఆ యంత్రాన్నే లాగాఫ్ చేసేస్తుంది. రాత్రి కరెంటు పోయి వచ్చింది, వ్యవస్థ మళ్లీ లేచింది, అన్ని సర్వర్లూ లేచాయి, ఒక్కటి మాత్రం పావుగంట తర్వాత మాయమైంది. కారణం ఎవరూ వినని ఒక ప్రశ్న.

అయితే డీఎస్‌సీ కూడా పూర్తి నిజం చెప్పదు. వీఎంలో ఒక యంత్రపు కన్సోల్‌ను ఇంకో యూజర్‌కి అప్పగించవచ్చు. దాన్ని సెక్‌యూజర్ అంటారు. అప్పుడు టెర్మినల్ లేకపోయినా దాని మాటలు ఒక ఆపరేటర్ చూస్తూ ఉంటాడు, సెండ్ కమాండ్‌తో జవాబు కూడా ఇవ్వగలడు. స్క్రిప్ట్‌కి మాత్రం డీఎస్‌సీ అనే కనిపిస్తుంది. "టెర్మినల్ లేదు" అన్నదీ "మనిషి లేడు" అన్నదీ వేర్వేరు సంగతులని ఈ ఉదాహరణ చెబుతుంది. మిగతా వ్యవస్థల్లో వచ్చే చిక్కులన్నీ ఈ తేడా దగ్గరే పుడతాయి.

టీఎస్ఓ వైపు కథ ఇంత సరళం కాదు. రెక్స్ భాషను మైక్ కౌలిషా ఇంగ్లండ్‌లోని హర్స్‌లీ ఐబీఎం కేంద్రంలో 1979లో మొదలుపెట్టారు. 1983లో వీఎంతో బయటికి వచ్చింది, టీఎస్ఓకి 1988లో చేరింది. అందులో పార్స్ సోర్స్ అనే ఆజ్ఞ ఉంది. స్క్రిప్ట్ పుట్టుపూర్వోత్తరాలు అడిగితే చెప్పేది అదే. టీఎస్ఓలో అది ఇచ్చే జవాబులో తొమ్మిది మాటలు ఉంటాయి. రెండోది కమాండ్, ఫంక్షన్, సబ్‌రొటీన్ అనే మూడింటిలో ఒకటి. ఆ తర్వాత ఎగ్జెక్ పేరు, ఏ డీడీ నుంచి, ఏ డేటాసెట్ నుంచి వచ్చిందో. ఏడోది మొదటి హోస్ట్ ఎన్విరాన్‌మెంట్. ఎనిమిదోది అడ్రస్ స్పేస్ పేరు: మామూలు బ్యాచ్‌లో ఎంవీఎస్, టీఎస్ఓలో టీఎస్ఓ/ఈ, ఐఎస్‌పీఎఫ్ అనే మెనూ వ్యవస్థలో ఐఎస్‌పీఎఫ్, యూనిక్స్ వైపు ఓఎంవీఎస్.

చాలామంది రెండో మాట చూసి ఆగిపోతారు. నా లెక్కలో ఈ విషయంలో జరిగే పొరపాట్లలో అన్నిటికన్నా మామూలుది అదే. కమాండ్ అన్న మాటకి అర్థం ఇంకో రెక్స్ నన్ను ఫంక్షన్‌గానో కాల్ ద్వారానో పిలవలేదని మాత్రమే. లాగాన్ ప్రొసీజర్‌లో పార్మ్‌గా పెట్టి నడిపినా, మనిషి రెడీ ప్రాంప్ట్ దగ్గర పేరు టైప్ చేసినా, బ్యాచ్‌లో సిస్‌ట్‌సిన్ ద్వారా వచ్చినా ఆ మాట కమాండే. ఎలా పిలిచారో చెబుతుంది తప్ప ఎవరు పిలిచారో చెప్పదు. పనికొచ్చేది ఎనిమిదో మాట.

మనిషి ఉన్నాడా లేడా అన్నదానికి టీఎస్ఓలో సిస్‌వార్ ఫంక్షన్ ఉంది. సిస్‌ఎన్వ్ అడిగితే ఫోర్ అనో బ్యాక్ అనో చెబుతుంది, అంటే ముందువైపు నడుస్తున్నామా, వెనకవైపా అని. సిస్‌ఐఎస్‌పీఎఫ్ అడిగితే ఐఎస్‌పీఎఫ్ నడుస్తోందో లేదో చెబుతుంది. సిస్‌ప్రాక్ అడిగితే లాగాన్ ప్రొసీజర్ పేరు వస్తుంది, బ్యాచ్‌లో అయితే ఇనిట్ అని వస్తుంది. ఈ మూడూ కలిపి చూస్తే పాతకాలపు దారులన్నీ తెలిసిపోతాయి.

కానీ ఇక్కడ వరుస ముఖ్యం. సిస్‌వార్ టీఎస్ఓ అడ్రస్ స్పేస్‌లో మాత్రమే దొరుకుతుంది. అదే స్క్రిప్ట్‌ని ఎవరైనా టీఎస్ఓ లేకుండా ఐఆర్ఎక్స్‌జేసీఎల్ ద్వారా నడిపితే, "మనిషి ఉన్నాడా" అని అడిగే వరుస దగ్గరే రొటీన్ దొరకలేదంటూ ఐఆర్ఎక్స్0043ఐ మెసేజ్‌తో పడిపోతుంది. ఎక్కడున్నామో తెలుసుకోవడానికి వేసిన ప్రశ్నే ఆ చోట చెల్లదు. అందుకని ముందు పార్స్ సోర్స్, అందులో ఎనిమిదో మాట ఎంవీఎస్ అయితే అక్కడితో ఆగిపోవడం, కాకపోతేనే సిస్‌వార్. పార్స్ సోర్స్ భాషలో భాగం కాబట్టి ఎక్కడైనా నడుస్తుంది. కొత్తవాళ్లకి ఈ రెండు మెట్ల వరుస ఒక్కటి నేర్పినా చాలా టికెట్లు తగ్గుతాయి.

ఇంకో దారి ఉంది, కంట్రోల్ బ్లాకులు తవ్వడం. రెక్స్‌లోని స్టోరేజ్ ఫంక్షన్‌తో 548వ బైటు దగ్గర చూస్తే మన అడ్రస్ స్పేస్ ఏఎస్‌సీబీ చిరునామా దొరుకుతుంది. అందులో 60వ బైటు దగ్గర టీఎస్‌బీ పాయింటర్ సున్నా కాకపోతే టీఎస్ఓ సెషన్. 172వ బైటు దగ్గర జాబ్ పేరుకి పాయింటర్ ఉంటే బ్యాచ్. రెండూ లేకపోతే స్టార్ట్ కమాండ్‌తో లేచినది. ఈ చిరునామాలు దశాబ్దాలుగా కదలలేదు. పాత సిస్టమ్స్ ప్రోగ్రామర్లకి ఇవి కంఠోపాఠం, వాళ్ల మీద నాకు గౌరవం. అయినా ప్రతి స్క్రిప్ట్‌లోనూ ఈ తవ్వకాన్ని కాపీ చేసి పెట్టడం నేను ఒప్పుకోను. యూనిక్స్ వైపు ఫోర్క్ అయిన ప్రాసెస్‌లు బీపీఎక్స్ఏఎస్ అనే స్టార్టెడ్ టాస్క్‌లలో నడుస్తాయి. మనిషి ఓఎంవీఎస్‌లో కూర్చుని ఒక కమాండ్ కొట్టినా, దాని పిల్ల ప్రాసెస్ వేరే అడ్రస్ స్పేస్‌లోకి వెళ్తే అక్కడ టీఎస్‌బీ ఉండదు. తవ్వి చూస్తే ఆపరేటర్ లేపినదేమో అనిపిస్తుంది. అడ్రస్ స్పేస్ అబద్ధం చెప్పలేదు, మనం అడిగిన ప్రశ్నే వేరు.

యూనిక్స్ వైపు జవాబులు షెల్ సంప్రదాయం నుంచి వచ్చాయి. టెర్మినల్ ఉందో లేదో టీటీవై కమాండ్‌కి మైనస్ ఎస్ ఇచ్చి చూస్తారు. షెల్ ఇంటరాక్టివా కాదా అన్నది డాలర్ మైనస్‌లో ఐ అక్షరం ఉందా అని చూస్తారు. ఓఎంవీఎస్ కమాండ్ ద్వారా వస్తే బీపీఎక్స్ టెర్మ్‌పాత్ అనే వేరియబుల్‌లో ఓఎంవీఎస్ అని ఉంటుంది, టెల్‌నెట్ ద్వారా వస్తే ఉండదు. ఎస్ఎస్‌హెచ్ ద్వారా వస్తే ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ అనే వేరియబుల్ ఉంటుంది. బ్యాచ్‌లో బీపీఎక్స్‌బ్యాచ్‌కి ఎస్‌హెచ్ అని ఇచ్చి నడిపితే అది లాగిన్ షెల్‌నే లేపుతుంది, అంటే ప్రొఫైల్ మొత్తం చదువుతుంది. ప్రొఫైల్‌లో స్వాగత వాక్యాలు అచ్చు వేసే అలవాటున్న చోట ఆ వాక్యాలన్నీ జాబ్ ఔట్‌పుట్‌లో మొదటి వరుసలై కూర్చుంటాయి. తరవాతి స్టెప్ వాటిని డేటా అనుకుంటుంది.

ఐబీఎం ఇచ్చే నమూనా ప్రొఫైల్‌లో ఒక చిన్న ముక్క ఉంది, చదవాల్సినది. స్టెప్‌లిబ్ వేరియబుల్ ఖాళీగా ఉండి, టెర్మినల్ కూడా ఉంటే, స్టెప్‌లిబ్‌ని నన్ అని పెట్టి షెల్‌ని మళ్లీ మొదటి నుంచి లేపుతుంది. వేగం కోసం పెట్టిన ఏర్పాటు అది. దానివల్ల ఒక్క లాగిన్‌కి ప్రొఫైల్ రెండుసార్లు నడవడం మొదలవుతుంది. రెండోసారి స్టెప్‌లిబ్‌లో నన్ ఉంటుంది కాబట్టి మళ్లీ తిరగదు. ఇది "ఎవరు పిలిచారు" కన్నా కాస్త వేరే ప్రశ్న: పిలిచింది నేనేనా? ఆ ముక్కకి పైన ఎవరైనా లాగ్ రాసే వరుస పెడితే ప్రతి లాగిన్ రెండుసార్లు నమోదవుతుంది. అందుకే సొంతంగా చేర్చుకునేవి ఎప్పుడూ ఆ ముక్కకి కింద పెట్టాలి.

సికిందరాబాదును ఇక్కడ తలుచుకోవాలి. మెయిన్‌ఫ్రేమ్ కాకపోయినా రైల్వే రిజర్వేషన్ కంప్యూటర్లు డిజిటల్ కంపెనీ వ్యాక్స్ యంత్రాల మీద, వీఎంఎస్ ఆపరేటింగ్ సిస్టంతో నడిచాయి. దేశం మొత్తం మీద ఉన్న అయిదు ప్రధాన కేంద్రాల్లో సికిందరాబాద్ ఒకటి. వీఎంఎస్‌లో లాగిన్ డాట్ కామ్ అనే ఫైలు మనిషి వచ్చినా, బ్యాచ్ వచ్చినా, నెట్‌వర్క్ నుంచి ఫైలు అడిగినా నడుస్తుంది. కానీ ఆ వ్యవస్థ కట్టినవాళ్లు ముందే ఆలోచించారు. ఎఫ్ డాలర్ మోడ్ అని ఒక్క ఫంక్షన్ ఇచ్చారు. అడిగితే ఇంటరాక్టివ్, బ్యాచ్, నెట్‌వర్క్, అదర్ అనే నాలుగింటిలో ఒక మాట చెబుతుంది. ఎక్కడ అడిగినా చెల్లుతుంది, ముందు ఇంకేదో చూసుకోవాల్సిన పని లేదు. ఇంటరాక్టివ్ కాకపోతే బయటికి వచ్చెయ్ అన్న ఒక్క వరుస లాగిన్ ఫైలు పైభాగంలో పెట్టుకోవడం వీఎంఎస్ తెలిసినవాళ్లందరికీ అలవాటు. ఐబీఎం పెద్ద యంత్రాల్లో ఇలాంటి ఒక్క మాట జవాబు ఎప్పుడూ రాలేదు. టీఎస్ఓ, బ్యాచ్, యూనిక్స్ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు చేతుల్లో పెరిగి ఒక ఇంట్లోకి వచ్చి చేరాయి కాబట్టి ఎవరి జవాబు వారిదే అయింది.

ఇప్పటి పరిస్థితికి వస్తే పాత పరీక్షలన్నీ ఒకచోట ఓడిపోతున్నాయి. జెడ్ఓఎస్ఎంఎఫ్ అనే వెబ్ సేవ, దాని మీద నడిచే జోవే లాంటి పనిముట్లు వచ్చాక, ల్యాప్‌టాప్‌లో ఒక టీఎస్ఓ కమాండ్ ఇస్తే అవతల నిజమైన టీఎస్ఓ అడ్రస్ స్పేసే పుడుతుంది. సిస్‌ఎన్వ్ అడిగితే ఫోర్ అంటుంది. ఏఎస్‌సీబీ తవ్వినా టీఎస్ఓ సెషన్‌గానే కనిపిస్తుంది. కానీ అటు చివర 3270 స్క్రీన్ లేదు, ఉన్నది ఒక ప్రోగ్రాం. లాగాన్ ఎగ్జెక్ అలవాటు కొద్దీ ఐఎస్‌పీఎఫ్ మెనూ తెరవబోతే దాన్ని చూపించే చోటు లేక సెషన్ అక్కడే చిక్కుకుంటుంది. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నవాళ్లకి జవాబు రాదు. సంతోష్‌నగర్‌లో కూర్చున్నా డల్లాస్‌లో కూర్చున్నా అంతే.

ఈ దారిని పట్టుకునే గట్టి ఆనవాలు సిస్‌ప్రాక్. ఈ సెషన్లు మామూలుగా ఐజడ్‌యూఎఫ్‌ప్రాక్ అనే లాగాన్ ప్రొసీజర్‌తో పుడతాయి. ఆ పేరు కనిపిస్తే మెనూ తెరవకూడదు. ఇది పనిచేస్తుంది, కానీ ఎందుకు పనిచేస్తోందో గమనించండి. స్క్రిప్ట్ ఏమీ కనిపెట్టలేదు. ఆ దారిలో వచ్చేవాళ్లకి వేరే ప్రొసీజర్ పెట్టి, పిలిచేవాడే తన పేరు చెప్పుకునేలా ఏర్పాటు చేశారు.

ఇన్ని పద్ధతులు పోల్చి చూశాక నాకు రెండు విషయాలు రూఢి అయ్యాయి. కనిపెట్టడం ఎప్పుడూ రెండో రకం పద్ధతి. మొదటి రకం, పిలిచేవాడు చెప్పడం. లాగాన్ ప్రొసీజర్ పార్మ్‌లో ఎగ్జెక్ పేరు పక్కన ఒక్క మాట చేరిస్తే, స్క్రిప్ట్ ఆర్గ్‌తో ఆ మాట తీసుకుని, అది ఉంటేనే మెనూ తెరుస్తుంది. చేత్తో టైప్ చేసినా, బ్యాచ్‌లో వచ్చినా ఆ మాట ఉండదు. పార్స్ సోర్స్ తొమ్మిది మాటలూ చెప్పలేని తేడాని ఈ పదో మాట చెబుతుంది. రెండోది, తెలియనప్పుడు ఏం చెయ్యాలన్నది. సగం స్క్రిప్టులు "బ్యాచ్ అని తేలితే ఆగు" అని రాసి ఉంటాయి, అంటే ఏదీ తేలకపోతే మనిషి ఉన్నట్టే లెక్క. దాన్ని తిరగేసి రాయాలి. మనిషి ఉన్నాడని తేలితేనే అడగాలి, చూపించాలి. తేలకపోతే లైబ్రరీలు తగిలించి మౌనంగా పక్కకి తప్పుకోవాలి. ఒక మనిషికి ఓ రోజు మెనూ తెరుచుకోకపోతే తనే తెరుచుకుంటాడు. రాత్రి జాబ్ ఒక కమాండ్ మింగేస్తే దాన్ని సరిదిద్దడం అంత తేలిక కాదు.

ఇవి నేర్చుకోవడానికి ఆఫీసు యంత్రం దొరకనక్కర్లేదు. రోజర్ బౌలర్ 1999లో మొదలుపెట్టిన హెర్క్యులిస్ ఎమ్యులేటర్ మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. దాని మీద పాత ఎంవీఎస్ 3.8నూ, వీఎం/370నూ లేపుకోవచ్చు. వీఎంలో ఒక యూజర్ ప్రొఫైల్ ఎగ్జెక్‌లో ప్రశ్న పెట్టి, ఆటోలాగ్1తో ఆ యూజర్‌ని లేపి, ఏం జరుగుతుందో మెయింట్ యూజర్ నుంచి చూస్తే సరిపోతుంది. విద్యార్థులకి ఐబీఎం ఉచితంగా ఇచ్చే జెడ్ ఎక్స్‌ప్లోర్‌లో నిజమైన జెడ్ఓఎస్ దొరుకుతుంది. అమీర్‌పేట కోర్సుల్లో జేసీఎల్, వీశామ్, డీబీ2, సీఐసీఎస్ తర్వాత రెక్స్‌కి మిగిలే కాస్త సమయంలో లూపులు, స్ట్రింగులు చెప్పి వదిలేయకుండా, ఒకే ఎగ్జెక్‌ని నాలుగు దారుల్లో నడిపించి పార్స్ సోర్స్ జవాబులు పక్కపక్కన రాయించాలని ఆ పాఠాలు చెప్పేవాళ్లని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. ఒక్క పూట పని అది.

ఆన్సిబుల్ అనే ఆటోమేషన్ పనిముట్టుతో జెడ్ఓఎస్‌ని నడిపే బృందాలు, పిలిచేవాడే చెప్పాలన్న దిక్కుకు ఇప్పటికే వచ్చాయి. ఆ పనిముట్టు ఎస్ఎస్‌హెచ్ ద్వారా వస్తుంది కానీ లాగిన్ షెల్‌ని లేపదు, కాబట్టి ప్రొఫైల్ అసలు నడవనే నడవదు. ప్రొఫైల్‌లో పెట్టిన లైబ్రరీ పాత్‌లు, అక్షరాల మార్పిడికి సంబంధించిన సెట్టింగులు ఏవీ అందక మొదటి ప్లేబుక్ పడిపోవడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లందరికీ అనుభవమే. అందుకని ఐబీఎం ఇచ్చే కలెక్షన్‌తో పనిచేసేవాళ్లు లిబ్‌పాత్, పైథాన్‌పాత్, ఆటో కన్వర్షన్ వేరియబుల్ వంటివన్నీ ఇన్వెంటరీ పక్కన ఉండే గ్రూప్ వేరియబుల్స్ ఫైల్లో విడిగా రాసి, ప్రతి పిలుపుతోపాటు పంపుతారు.